తలుపు దగ్గరి రాయి

రాయిని నాలుక మీద పెట్టుకున్న వాళ్ళలో, మా పాప కంటే ముందు, నేను చూసింది ఒక్కరినే.

మొన్న గురువారం మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చేసరికి పాప మంచం మీద కూర్చుని ఉంది. ఒక బుగ్గ ఉబ్బి కనిపించింది. పిల్లను బోర్లా తిప్పి, వీపు మీద చరిచి, నోట్లో వేలు పెట్టి లాగితే, చింతగింజ కంటే కాస్త పెద్దదైన నల్లరాయి నా అరచేతిలో పడింది. ఒంటినిండా సన్నటి చిల్లులు. ఉమ్మితో తడిసి మెరుస్తోంది. పాప నవ్వింది.

ఆ రాయి, మా కాలేజీ ల్యాబ్‌లో పనిచేసిన కాక ఇచ్చింది. అరగంట ముందే, ఆయన చనిపోయి రెండు నెలలైందని నాకు తెలిసింది.

ఫోన్ చేసింది డిగ్రీలో మాకు జియాలజీ చెప్పిన మేడం. ఇప్పుడు జనగామలో పనిచేస్తోంది. "కాక పోయిండు, నీకు తెల్వదా?" అని మొదలుపెట్టి, అసలు సంగతి చెప్పింది. మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, మేం చదివిన కాలేజీలో జియాలజీ గ్రూపు ఎత్తేశారు. ల్యాబ్ గది ఖాళీ చేస్తున్నారు. సోమవారం పొద్దున ట్రాక్టర్ వస్తుంది. రాళ్ళన్నీ కొత్త గది పునాదిలోకి పోస్తారు. జనగామ కాలేజీ వాళ్ళు తీసుకుంటామన్నారు గానీ, ఏ రాయి ఎక్కడిదో చీటీలుంటేనే. పాత చీటీలను, రిజిస్టరును చెదలు తినేశాయి.

"రాయి పేరు నేను చెప్తనే. ఏ ఊరిదో, ఏ గుట్టదో కాకకే ఎరుక. బస్సు వచ్చేదాక రోజూ ఆయన పక్కన కూసున్నది నువ్వొక్కదానివే. వచ్చి రాసిపో తల్లీ."

చూస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి పాత బిస్కెట్ డబ్బా తీసి, కాక ఇచ్చిన రాళ్ళను మంచం మీద పోసుకుని చూస్తున్నాను. కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళాను. అంతే.

పాప నోట్లోంచి రాయి తీశాక, రాలేనని మేడంకు మెసేజ్ పెట్టాను.

కాక అని పిలిచేది మేము. లెక్చరర్లకు ఆయన ల్యాబ్ అటెండర్. పొట్టి మనిషి. కుడిచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు. ఎడమ చెవి వినపడదు. అందుకని ఎవరు మాట్లాడినా తల పక్కకు తిప్పి, తప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్నవాడిలా చూసేవాడు. కొత్తగా చేరిన పిల్లలు ఆ చూపుకు భయపడేవారు. చేతిలో ఎప్పుడూ నీళ్ళ మగ్గు. ల్యాబ్ తలుపుకు కింద కొబ్బరికాయంత రాయి ఒకటి అడ్డం. ఆ తలుపు బరువుది, వదిలితే దానంతటదే మూసుకునేది. ఎండ గానీ వాన గానీ ఆ రాయిని ఎవరూ కదపకూడదు. మేమంతా దాన్ని చెప్పుతో తన్నుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళం. మట్టి కొట్టుకుపోయి ఏ రంగో కూడా తెలిసేది కాదు.

రాయి చేతికిస్తే వెంటనే పేరు చెప్పబోయేవాళ్ళం. ఆయన మొట్టికాయ వేసినంత పని చేసేవాడు.

"పేరుకేం తొందర బిడ్డా? ముందుగాల బరువు సూడు. తడుపు. గింజ సూడు. పేరు ఆకర్న దానంతట అదే వస్తది."

మగ్గు దగ్గర లేకపోతే నాలుకతో తడిపేవాడు. అమ్మాయిలు ఛీ అనేవారు. "మీరు రోడ్డు మీద పానీపూరి తినరా? గంతకంటె సాఫ్ ఉంటది గిది" అనేవాడు. పదో తరగతి తప్పాడు. అయినా రాళ్ళ ఇంగ్లీషు పేర్లన్నీ పలికేవాడు. రాళ్ళు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తన తండా భాషలో లెక్కపెట్టుకునేవాడు.

మేడం బోర్డు మీద బాగానే రాసేది. భూమి లోపల కరిగి ఉన్న ద్రవం మాగ్మా. అది చల్లారి గట్టిపడితే అగ్నిశిల. లోతులోనే ఉండిపోయి నెమ్మదిగా చల్లారితే పెద్ద పెద్ద స్ఫటికాలు. పైకి ఉబికి, గాలి తగిలి, గబగబా చల్లారితే కంటికి ఆనని రేణువులు. నేను రాసుకునేదాన్ని. రాసుకున్నది రాసుకున్నట్టే ఉండేది.

మాది తొర్రూరు. బస్సు నాలుగింటికి. క్లాసులు రెండింటికే అయిపోయేవి. హాస్టల్ వాళ్ళు వెళ్ళిపోయాక నేను ల్యాబ్‌లో కాక పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆయన రాళ్ళు కడుగుతూ ఉండేవాడు.

"మీ నాయినది కిరాణం గదా, పటికబెల్లం అమ్ముతడా?" అన్నాడొకరోజు.

"అమ్ముతడు."

"గది ఎట్లయితది? పాకం కదపకుండ దినాల కొద్ది పెడ్తరు. నిమ్మళంగ సల్లవడి గడ్డలు గడ్డలు కడ్తది. అదే పాకం సల్లనీళ్ళల్ల పోస్తే?"

"గాజు లెక్క గట్టివడ్తది."

"గంతే. మేడం గంట సేపు సెప్పింది మీ నాయిన దుకాణంల ఉన్నది. గ్రానైటు పటికబెల్లం. లోపట్నే ఉండి, ఎవలు కదపక, గింజ పెంచుకున్నది. గిది..." అని చిల్లుల బసాల్టు ముక్క నా చేతిలో పెట్టాడు. "గిది బయటవడ్డది, బిరబిర సల్లవడ్డది. గాలి బుడగలు ఎల్లిపోయే టైం గూడ దొరకలే. బుడగలు వోయినయ్, వాటి జాగ మిగిలింది. ఇంటికి తీస్కపో. మీ నాయినకు సూపియ్."

నాయినకు చూపిస్తే, "రాళ్ళు మొయ్యనీకేనా బస్ పాస్ తీసిచ్చింది?" అన్నాడు. ఆ ముక్కే మొన్న పాప బుగ్గలో ఉన్నది.

రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఒక సారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి. నా ముందు నున్నగా నల్లగా ఉన్న రాయి పెట్టి ఏమిటని అడిగాడు. తొర్రూరు నుంచి మానుకోట దాకా దారి పొడుగునా రాళ్ళు నునుపు పెట్టే షెడ్ల మీద 'బ్లాక్ గ్రానైట్' అని బోర్డులుంటాయి. మా వంటింటి గట్టు అదే, మా దుకాణం బల్ల అదే, ఊళ్ళో సమాధులకూ అదే. నేను గట్టిగా "బ్లాక్ గ్రానైట్ సార్" అన్నాను.

"మీ వంటింటి గట్టు గురించి అడగలేదమ్మా. గ్రానైట్ అని ఎలా చెప్పగలిగావు?"

భయపడితే నా నోటికి ఇంటి మాటే వస్తుంది. "గిట్ల నల్లగుంటే..." అన్నాను.

"గిట్ల!" అన్నాడాయన, సినిమాలో హాస్యగాడిలా సాగదీసి. "గిట్ల నల్లగుంటే?"

వెనక ఇద్దరు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అప్పుడే నా భుజం పక్క నుంచి మగ్గు ఒరిగింది. రాయి మీదా బల్ల మీదా నీళ్ళు. సారు మార్కుల కాగితం అంచు కూడా తడిసింది.

"కళ్ళు కనపడవా నీకు?"

"తప్పయింది సార్. ఒక్క చెవు ఇనరాదు సార్."

"చెవికీ నీళ్ళకీ సంబంధం ఏమిటయ్యా?"

"గదే సార్" అన్నాడు కాక, వినయంగా.

సారు కాగితం దులుపుకుంటున్నంతసేపూ నేను రాయిని చూశాను. పొడిగా ఉన్నప్పుడు ఉత్త నలుపు. తడిసిన చోట, నలుపులో సన్నటి తెల్లటి పుల్లలు అడ్డదిడ్డంగా కనిపించాయి, తరిగిన వరిగడ్డిలా. గ్రానైట్ గింజలంత పెద్దవి కావు. బసాల్టైతే ఈ పుల్లలు కూడా కంటికి కనపడవు.

"డోలరైట్ సార్" అన్నాను. "గ్రానైట్ పగుళ్ళలోకి ఎక్కి, అక్కడే చల్లారింది. మరీ లోతునా లేదు, పైకీ రాలేదు. అందుకే గింజ మధ్యరకం."

సారు మళ్ళీ రాయి వైపు వంగి చూశాడు. మార్కులైతే వేశాడు. బయట వరండాలో థాంక్స్ చెప్పబోతే కాక తల పక్కకు తిప్పాడు. "నేనేం సెప్పలే. నీళ్ళు వోసిన. సూసింది నువ్వు."

ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పడు. నీళ్ళు పోస్తాడు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఒక వాన రోజు తెలిసింది, అదీ నేను చేసిన తప్పు వల్ల.

జల్లు లోపలికి కొట్టి రికార్డులు తడుస్తున్నాయి. నేను అడ్డం రాయిని కాలితో పక్కకు నెట్టాను. తలుపు దభాల్న పడింది. సింకు దగ్గర మగ్గు కింద పడ్డ చప్పుడు. తిరిగి చూస్తే కాక తలుపు దగ్గరున్నాడు. గొళ్ళెం లేని వైపు, బందుల వైపు, రెండు చేతులతో చెక్కను గోకుతున్నాడు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. నేను తలుపు లాగేసరికి బయటికి పడిపోయినట్టుగా వెళ్ళి, వరండాలో జల్లులోనే కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఎవలకు సెప్పకు బిడ్డా. నౌకరి వోతది" అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన నెల్లికుదురు దిక్కు క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. ఒకరోజు పొద్దున తూటాలు పేల్చాక, పెద్ద బండ ఒకటి జారి ఇంకో బండ మీద వాలింది. ఆ సందులో కాక. మోకాళ్ళు రొమ్ముకు ఆనుకుని, వెల్లకిలా. వేలు అప్పుడే పోయింది, చెవి అప్పుడే పోయింది. ముఖానికి నాలుగు వేళ్ళ దూరంలో బండ. బయట వాళ్ళు గడ్డపారలతో, జాకీలతో బండ లేపి తీసేసరికి పొద్దుగూకింది.

"ఏడ్సినవా కాకా?"

"ముందుగాల ఏడ్సిన. ఎంతసేపని ఏడుస్తవ్? ఎటు మర్రరాదు. కండ్లు మూసుకుంటె ఇంక బుగులైతది. తెరుస్తె గా బండ. ఇగ దాన్నే సూసుకుంట పన్న." తెగిన వేలు గాలిలో ఆడిస్తూ చెప్పాడు. "నా ఊపిరి తాకి రాయి తడైంది బిడ్డా. తడైన కాడ రంగులు లేసినయ్. గులాబి గింజ, తెల్ల గింజ, గాజు లెక్కది ఒకటి, నువ్వులు సల్లినట్టు నల్లయి. పదిహేనేండ్లు కొట్టిన గా రాయిని. ఒక్కనాడన్న సూసిన్నా? గా గింజల నడుమ చేప లెక్క నల్ల మచ్చ ఒకటున్నది. గదేందో ఎరుకైతె సచ్చినా మంచిదే అనుకున్న."

ఆ మచ్చ ఏమిటో తెలుసుకోవడానికే కాలేజీలో ఈ ఉద్యోగం పట్టాడంటే ఎవరూ నమ్మరు. మేడం నమ్మింది. మాకు ఆ పాఠం చెప్పిన రోజు కాక మగ్గు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి విన్నాడు, అన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నాడో. గ్రానైట్ ఇంకా ద్రవంగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న పాత రాయి ముక్క విరిగి అందులో పడుతుంది. పూర్తిగా కరిగేలోపే అంతా గట్టిపడుతుంది. ఆ ముక్క అలాగే ఉండిపోతుంది. దాన్ని జెనోలిత్ అంటారు.

మూడో సంవత్సరంలో నాకు సంబంధం కుదిరింది. ఎమ్మెస్సీ చదువుతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ వినలేదు. ల్యాబ్‌లో కూర్చుని, "గా నల్ల మచ్చ నేనే కాకా. నా సుట్టు గట్టివడ్డది" అన్నాను. నాకు నేనే గొప్ప మాట అన్నాననుకున్నాను.

కాక నవ్వాడు. "గా మచ్చకు బస్ పాస్ ఉన్నదా? నీకున్నది." తర్వాత, పిల్లవాడిది ఏ ఊరని అడిగాడు. భూపాలపల్లి, బొగ్గు బాయిల పని అని చెప్పాను. "అరెరె. ఆడంత ఇసుకరాయి, బొగ్గు. అగ్గి మొఖం సూడని రాళ్ళ దేశం. డబ్బాల నాలుగు రాళ్ళు ఏస్కొని పో, పాత సుట్టాలు యాదికుంటయ్."

అలా ఆ బిస్కెట్ డబ్బా నాతో భూపాలపల్లి వచ్చింది.

ఇక్కడ మాది పై అంతస్తులో రెండు గదులు. మెట్లకు ఒక వైపు గోడ లేదు. పాపకు పదకొండో నెలలో పల్లీ గింజ గొంతుకు అడ్డం పడింది. దవాఖానకు చేరేలోపు అదే బయటికి వచ్చింది. "ఏం కాలేదమ్మా, ఇంటికి పొండి" అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చాను. ఆ తర్వాత మళ్ళీ సరిగ్గా బయటికి వెళ్ళలేదు. తలుపుకు పైన ఒక గొళ్ళెం, కింద ఒక గొళ్ళెం. పగలు కూడా. కూరగాయల బండి వస్తే కిటికీలోంచి తాడుతో సంచీ దింపుతాను. మా ఆయన రోజూ భూమి లోపలికి దిగి మళ్ళీ పైకి వస్తాడు. నేను మెట్లు దిగి ఏడాది కావస్తోంది. పాప నిద్రలో ఊపిరి తీస్తోందా లేదా అని రాత్రి ఎన్నిసార్లు లేస్తానో ఆయనకు తెలియదు. నేను చెప్పను.

శుక్రవారం పొద్దున ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు. నేను మేడంకు పెట్టిన మెసేజ్ చూపించాను.

"పోయి రారాదు. పాపను నేను సూసుకుంట."

"నువ్వు పండుకుంటవ్. పండుకుంటె నీకు సోయి ఉండదు."

"అయితే ఎత్తుకొని పో. ఆడోళ్ళకు బస్సు టికెట్టు గూడ లేదు."

"తొవ్వల ఏమన్నయితే?"

ఆయన బూట్లు విప్పుతున్నవాడు ఆగాడు. "నిన్న రాయి నోట్లె పెట్టుకున్నది తొవ్వలనా? ఇంట్లనే గదా. రెండు గొళ్ళాలు ఏస్కున్నంకనే గదా."

కోపం వచ్చింది. సాయంత్రం చపాతీ పిండి కలుపుతుంటే మాత్రం కాక బస్ పాస్ మాట గుర్తొచ్చి, చేతులు పిండిలోనే ఉండిపోయాయి. నేను వెళ్ళకపోతే ఏమవుతుందో అప్పుడు సరిగ్గా కనిపించింది. సోమవారం ఆ రాళ్ళు మళ్ళీ బండల కిందికి పోతాయి. ఆయన చూసినవన్నీ ఎవరూ చూడని చోటికి పోతాయి.

శనివారం పొద్దున పాపను ఎత్తుకుని మెట్లు దిగాను. గోడ వైపు ఆనుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్టు చింపి ఇచ్చాడు. హన్మకొండ దాకా పాప నోటి మీది నుంచి కళ్ళు తీయలేదు. అక్కడ మారి మానుకోట బస్సెక్కాక, కిటికీలో మొదటి గ్రానైట్ గుట్ట కనిపించింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పోయినట్టుండే గుండ్రటి బండలు. పాప "బబ్బో" అంది, చెయ్యి చాపి.

వాచ్‌మన్ గది తాళం తీశాడు. లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు దానంతటదే పడింది. పాప ఏడుపు అందుకుంది. నేను ముందు వెతికింది అడ్డం రాయి కోసం. విరిగిన స్టూళ్ళ కింద దొరికింది. తెచ్చి తలుపుకు పెట్టాను. అప్పుడు ఏడుపు ఆపింది.

దవాఖానలో వాడే తెల్ల టేపు, స్కెచ్ పెన్ను తెచ్చుకున్నాను. రాళ్ళన్నీ నేల మీద కుప్పగా ఉన్నాయి. మొదటిది చేతిలోకి తీసుకుంటే ఏమీ గుర్తురాలేదు. రెండోదీ అంతే. వచ్చిన దారి అంతా గుండెలో పట్టుకున్న భయం అప్పుడు కళ్ళలోంచి వచ్చింది. తర్వాత, పాప నీళ్ళ సీసా తీసుకుని, మొదటి రాయిని తడిపాను.

గులాబీ గ్రానైట్. దాంతోపాటే కాక గొంతు. "నెల్లికుదురు దిక్కు బాయి తవ్వుతె ఎల్లింది. నీళ్ళు ఎల్లలే, గిది ఎల్లింది." అరచేయంత తెల్లటి స్ఫటికాలది. "గంగారం అడివి తొవ్వల ముసలవ్వ కాలుకు తాకింది. అవ్వ నన్ను తిట్టింది, రాయిని పెట్టినోన్ని నేనైనట్టు." ఆ నల్ల డోలరైట్. "మీ తొర్రూరు చెరువు ఎనుక. మీ నాయిన బల్ల దీని తమ్ముడే." రాయి తడుస్తూ ఉంటే ఆయన గొంతు వస్తూనే ఉంది. వచ్చింది వచ్చినట్టు ఊరి పేరు రాసి అంటించాను. ఒక ఇసుకరాయి దొరికింది. దాని మీద 'భూపాలపల్లి' అని రాస్తుంటే నవ్వొచ్చింది. మూడు రాళ్ళ చోటు ఎంత తడిపినా గుర్తురాలేదు. వాటి మీద 'తెలియదు' అనే రాశాను. ఫోన్‌లో చెబితే మేడం, "అవి పోతే పోనీ, మిగిలినయి చాలు. రేపే బండి పంపుత" అంది.

అంతసేపూ పాప ఏం చేస్తోందో నేను చూడలేదు. ఇది రాస్తుంటే తెలుస్తోంది, ఏడాదిలో మొదటిసారి ఒక గంటపాటు చూడలేదు. తిరిగి చూసేసరికి తలుపు దగ్గర కూర్చుని, సీసాలో మిగిలిన నీళ్ళు అడ్డం రాయి మీద పోసి, అరచేత్తో రుద్దుతోంది. మూడేళ్ళు మేం తన్నిన మట్టి, ఆ చిన్న చెయ్యి కింద కారిపోతోంది.

గులాబీ గింజ, తెల్ల గింజ, గాజు లాంటిది, నువ్వులు చల్లినట్టు నల్లవి. వాటి నడుమ, బొటనవేలంత పొడవున, చేపలాంటి నల్ల మచ్చ.

అన్ని రాళ్ళ కథలూ చెప్పిన మనిషి ఈ ఒక్క రాయి ఎక్కడిదో నాకు ఎప్పుడూ చెప్పలేదు. అడగడానికి ఇప్పుడు లేడు. నేను మాత్రం దానికి టేపు అంటించలేదు. ఎడమ చంకలో పాప, కుడిచేతి సంచిలో అది. బస్సెక్కేటప్పుడు సంచి కాలికి తగిలి కండక్టరు, "ఏందమ్మా గిది, రాయా? దీనికి గూడ జీరో టికెట్టేనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు అది మా గది తలుపు కింద ఉంది. పాప రెండు చేతులతో లాగి చూసింది, కదల్లేదు. నిద్రపోయింది. ఆయన రాత్రి షిఫ్టుకు వెళ్ళాడు. ఈ నాలుగు పేజీలు రాయడంలో పదిసార్లు లేచి మెట్ల వైపు చూశాను. గొళ్ళాలు రెండూ వేలాడుతున్నాయి. భయం పోయిందని రాస్తే అబద్ధం. తలుపు మాత్రం తెరిచే ఉంది, నాలుగు వేళ్ళ సందు. గాలి వస్తోంది.